బోటెక్కే కయాక్‌లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫ్లోరిడా నైరుతి కొసన ఎవర్‌గ్లేడ్స్ సిటీ చుట్టుపక్కల ఉన్న టెన్ థౌజండ్ ఐలాండ్స్‌లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద గాలం వేట గురించి పోయిన సంచికలో రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం అడుగుతున్నాయి: కయాక్‌లను మోటారు బోటు మీద వేసుకుని దూరం వెళ్ళి, అక్కడ నీళ్ళలోకి దించుకుని వేట చేయడం ఎలా అని. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే.

ప్రశ్న (టాంపా నుంచి): మేం నలుగురు స్నేహితులం, తలా ఒక కయాక్ ఉంది. ఎవర్‌గ్లేడ్స్ సిటీ పక్కనున్న చొకొలొస్కీ నుంచి తెడ్డు వేసుకుంటూ వెళ్తే దగ్గర్లోని చోట్లే చేరుతున్నాం, అక్కడ రోజూ బోట్లు తిరుగుతుంటాయి కాబట్టి చేపలు బెదిరిపోయి ఉంటున్నాయి. లాస్ట్‌మన్స్ నది వైపు బాగుంటుందని అందరూ అంటున్నారు. బోటు మాట్లాడుకోవడం అవసరమా, కాస్త ఓపిక పడితే తెడ్డుతోనే చేరగలమా? కెప్టెన్‌ను ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు లెక్క చూడండి. చొకొలొస్కీ నుంచి లాస్ట్‌మన్స్ నది మొగకు మ్యాపు మీద సూటిగా కొలిచినా 20 మైళ్ళుంటుంది, దీవుల మధ్య మలుపులు తిరుగుతూ వెళ్తే ఇంకా ఎక్కువ. రాడ్లు, ఐస్ బాక్సు, నీళ్ళ డబ్బాలు వేసుకున్న కయాక్ గంటకు 3 మైళ్ళు పోతే గొప్ప, నీటి వరవడి ఎదురైతే అదీ పోదు. అంటే వెళ్ళడానికే ఒక పగలు, రావడానికి ఇంకో పగలు. అదే నలుగురు మనుషులు, నాలుగు కయాక్‌లు ఎక్కిన మోటారు బోటు గంటకు 25 మైళ్ళ వేగంతో పోతే గంటకు అటూ ఇటూగా చేరుస్తుంది. దిగేసరికి మీ భుజాల్లో సత్తువ అలాగే ఉంటుంది, ఆటుపోట్లకు నీరు తిరిగే వేళకు గాలం నీళ్ళలో ఉంటుంది. కాబట్టి ఒక్క రోజు ట్రిప్పయితే బోటు కావాల్సిందే. మూడు నాలుగు రోజులు దారిలో గుడారం వేసుకుంటూ వెళ్ళే తీరిక ఉంటే తెడ్డు చాలు.

అంత దూరం బోటులో వెళ్ళాక బోటులోంచే గాలం వేయొచ్చు కదా అని మీలో ఒకరైనా అంటారు. వేయొచ్చు, కానీ అక్కడ అసలు వేట బోటు పోలేని చోటే ఉంది. ఆలిచిప్పల దిబ్బల పక్కన అడుగు లోతు కూడా లేని నీళ్ళలో రెడ్‌ఫిష్ తల కిందికి పెట్టి పీతల కోసం బురద కెలుకుతుంటే దాని తోక నీటి పైకి తేలి ఎండకు రాగిరంగులో మెరుస్తుంది, తోక మొదట్లో నల్లటి చుక్క కూడా కనిపిస్తుంది. ఇంజను దాకా ఎందుకు, బోటు అడుగుకు అలలు తపతపమని కొట్టుకున్న చప్పుడుకే అది బురద రేపుకుంటూ మాయమవుతుంది. కయాక్ మీద తెడ్డు ఒళ్ళో పెట్టుకుని గాలికి మెల్లగా జరుగుతూ పోతే ముప్పై అడుగుల దగ్గరకు వెళ్ళినా దానికి తెలియదు. స్నూక్ కూడా అంతే. మన పండుగప్పకు దూరపు చుట్టం లాంటి చేప, మడచెట్ల వేళ్ళ నీడలో నక్కి వరవడిలో కొట్టుకొచ్చే చిన్న చేపల కోసం కాచుకుంటుంది. ఆ వేళ్ళ అంచుకు అడ్డంగా, నీటి మట్టాన కూర్చుని ఎర విసరడానికి కయాక్‌ను మించింది లేదు. పెద్ద బోటు దూరానికి, కయాక్ వేటకు. ఏ పని దానిదే.

ఇక కెప్టెన్ సంగతి. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే ఎవరికైనా కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉండాలి, మామూలు చార్టర్ (అద్దె) బోట్లలో ప్రయాణికులు ఆరుగురికి మించకూడదు. మీరు వెళ్ళేది ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు లోపలికి కాబట్టి అక్కడ వ్యాపారం చేసుకోవడానికి పార్కు ఇచ్చే అనుమతి కూడా ఆయన దగ్గర ఉండాలి. ఈ రెండూ మొహమాటం లేకుండా అడిగేయండి, సరైన మనిషి అయితే ఆయనే తీసి చూపిస్తాడు.

అయితే నేను అన్నిటికంటే ముందు అడిగేది వేరే ప్రశ్న: మమ్మల్ని దించాక మీరేం చేస్తారు? కొందరు దించేసి, సాయంత్రం నాలుగింటికి వస్తామని చెప్పి ఇంకో బేరానికి వెళ్ళిపోతారు. కొందరు ఒకట్రెండు మైళ్ళ లోపు లంగరు వేసుకుని రోజంతా అక్కడే ఉంటారు. రెండో రకానికి ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి. ఎందుకంటే అక్కడ సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. బోట్లతో మాట్లాడుకోవడానికి మీ చేతిలో ఉండే 5 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో కయాక్ మీద కూర్చుని మాట్లాడితే మూడు నుంచి ఐదు మైళ్ళు అందుతుంది, మధ్యలో మడ అడవి అడ్డం వస్తే అదీ తగ్గుతుంది. బోటు చొకొలొస్కీలో ఉంటే మీకు వేలికి గాలం గుచ్చుకున్నా, ఒకరికి ఎండదెబ్బ తగిలినా చెప్పుకునే నాథుడు ఉండడు. ఈ వేటలో వెళ్ళడం సులువు, ప్లానంతా నిలబడేది మిమ్మల్ని తిరిగి ఎక్కించుకోవడం మీదే.

తర్వాత, ఎక్కడ దించుతారు, ఎక్కడ ఎక్కించుకుంటారు అని అడగండి. రెండూ ఒకే చోటని చెప్పేస్తే కాస్త ఆలోచించండి. గాలి, నీరు మిమ్మల్ని మోసుకుపోయే వైపు చివర బోటు ఉండాలి, అప్పుడే సాయంత్రం అలసిపోయిన చేతులతో ఎదురు తెడ్డు వేయక్కర్లేదు. ఉదాహరణకు ఉదయం ఆటు, నీరు తీస్తోంది, ఈశాన్యం నుంచి గాలి ఉంది అనుకోండి. లోపలి బేలో (దీవుల వెనకున్న చిన్న అఖాతంలో) దించితే వాగుల నోళ్ళ దగ్గర ఆగుతూ, వేట చేస్తూ నది మొగ వైపు వస్తారు. కానీ బోటు మొగ దాటి బయట కాకుండా మొగకు లోపలే ఉండాలి. అదే గాలి, అదే నీరు కలిసి కయాక్‌ను బయటి సముద్రం, మెక్సికో గల్ఫ్‌లోకి తోసేయగలవు, ఒకసారి బయటపడితే తెడ్డుతో వెనక్కి రావడం చాలా కష్టం. చలికాలంలో కోల్డ్ ఫ్రంట్ (చలిగాలుల తెర) వచ్చి వెళ్ళిన ఒకటి రెండు రోజులు ఉత్తరపు గాలి నీటిని బయటకు తోసేసి, టైడ్ పట్టికలో రాసినదానికంటే నీళ్ళు ఇంకా తక్కువ ఉంటాయి. అలాంటి రోజు లోపలి బేలోకి వెళ్తే మధ్యాహ్నానికి కయాక్ బురదలో కూర్చుంటుంది, ఆ బురదలో దిగితే తొడల దాకా దిగబడతారు, కింద ఆలిచిప్పలు బ్లేడుల్లా కోస్తాయి. ఈ విషయం మీరు ఎత్తకముందే కెప్టెన్ తనంతట తను చెప్పాడంటే ఆయన్నే మాట్లాడుకోండి.

ప్రశ్న (ఫోర్ట్ మయర్స్ నుంచి): మాకు సొంతంగా 22 అడుగుల బోటు ఉంది. మా అన్నదమ్ములం ముగ్గురం, మూడు కయాక్‌లు. తాడు కట్టి వెనకాల లాక్కెళ్తే సరిపోతుందని మా తమ్ముడు, పైకి ఎక్కించాల్సిందేనని నేను. ఎవరిది సరైన మాట?

జవాబు: మీదేనండీ. లాక్కెళ్ళడం ఖాళీ కయాక్‌తో, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో, అర మైలో మైలో అయితే పనికొస్తుంది. బోటు వేగం అందుకుని నీటి మీదికి లేచిందంటే వెనక కయాక్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, ముక్కు అలలోకి గుచ్చుకుంటుంది, నీళ్ళు నిండుతాయి, బోల్తా పడుతుంది. నీళ్ళు నిండిన కయాక్ బోటును వెనక్కి లాగే బరువు మామూలుగా ఉండదు, తాడు కట్టిన కొక్కెం ఊడి మనిషి మీదికి ఎగిరొచ్చే ప్రమాదం కూడా ఉంది. కొద్ది దూరమే లాగినా నీటి మీద తేలే తాడు వాడండి. రివర్స్ వేసేముందు తాడంతా చేతిలోకి చుట్టుకోవాలి, లేకపోతే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

ఎక్కించే ముందు బరువు కూడండి. పెడల్ ఉన్న పెద్ద ఫిషింగ్ కయాక్ సామాను లేకుండానే 100 పౌండ్లు దాటుతుంది. మూడు కయాక్‌లు, ముగ్గురు మనుషులు, గ్యాలను 6 పౌండ్ల చొప్పున పెట్రోలు, గ్యాలను 8 పౌండ్లకు పైగా తూగే మంచినీళ్ళు, ఐసు, రాడ్లు, బ్యాటరీలు. బోటు ఎంత బరువు మోయగలదో చెప్పే రేకు 20 అడుగుల లోపు బోట్లకే తప్పనిసరి, మీదానికి లేకపోతే తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూడండి. అంకె సరిపోయినా అది ప్రశాంతమైన నీటికి చెప్పిన లెక్క. గాలి రోజున దానికంటే బాగా తక్కువలో ఉండాలి.

ఇప్పుడు అమర్చడం. సీటు, పెడల్ యంత్రం, రాడ్లు, డబ్బాలు అన్నీ కయాక్‌లోంచి తీసి బోటు నేల మీద సర్దండి, ఒట్టి డొక్క మాత్రమే పైన ఉండాలి. కయాక్ బరువు బోటు నడిమికి రావాలి, అన్నీ ముక్కు మీద పేర్చితే ఎదురు అలలోకి బోటు ముక్కు దిగిపోతుంది. రెండిటిని నడిపేవాడికి చెరోవైపున ఫోమ్ దిండ్ల మీద పక్కకు ఒరగేసి, మూడోదాన్ని ముందు బోర్లా వేయడం ఈ సైజు బోటుకు బాగా కుదురుతుంది. గుడ్డ పట్టీతో, మామూలు బకిల్‌తో బిగించండి. మీట ఆడించి బిగించే రాచెట్ పట్టీలు వాడితే బలం తెలియక ప్లాస్టిక్ డొక్క నొక్కుకుపోతుంది, ఎండలో అది అలాగే ఉండిపోతుంది. రెండు పట్టీలతో పాటు ముక్కుకు, తోకకు విడిగా తాడు కట్టాలి, వేగంలో గాలి కయాక్ కిందికి దూరి పైకి లేపుతుంది. అంతా అయ్యాక నడిపేవాడు తన చోట నిలబడి చుట్టూ చూడాలి. ఎదుట వచ్చే బోటు ఎక్కడా కయాక్ చాటున పడకూడదు, మీ బోటు లైట్లు కూడా కయాక్‌ల వెనక దాగకూడదు.

ఎక్కువ మంది దెబ్బలు తగిలించుకునేది దింపేటప్పుడు, ఎక్కించేటప్పుడు. లంగరు వేసి, ఇంజను పూర్తిగా ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. న్యూట్రల్‌లో ఉంది కదా అని వదిలేయొద్దు. బోటును గాలికి అడ్డంగా నిలపగలిగితే గాలి తగలని వైపు నీళ్ళు కాస్త కుదురుగా ఉంటాయి, కయాక్ అటువైపే దించాలి. కయాక్‌ను బోటుకు ముందొక తాడు, వెనకొక తాడుతో కట్టి, సామానంతా ఎక్కించాకే మనిషి దిగాలి. బోటు అంచు మీద కూర్చుని, కాళ్ళు ముందు కయాక్‌లో పెట్టి, వంగి, సీటు మీదికి నడుము జార్చుకోవాలి. ఒకరు పైనుంచి కయాక్ అంచు నొక్కిపట్టుకుని ఉండాలి. నిలబడి అడుగు వేశారంటే కయాక్ అటు జరిగిపోతుంది, మధ్యలో మీరు నీళ్ళలో ఉంటారు. లైఫ్ జాకెట్ ఈ పనికి ముందే తొడుక్కోవాలి, కయాక్‌లో కూర్చున్నాక వేసుకుందామంటే కుదరదు.

పెట్రోలుకు పాత పద్ధతే మంచిది: వెళ్ళడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతాది ముట్టుకోకుండా ఉంచడం. బరువుతో పోతున్నారు కాబట్టి రోజూ తాగేదానికంటే బోటు ఎక్కువ తాగుతుంది. ఇంకొక మాట, 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోట్లు వేగంగా పోయేటప్పుడు నడిపేవాడు ఇంజను ఆపే తీగ ఒంటికి తగిలించుకోవాలని ఫెడరల్ చట్టం ఉంది. తగిలించుకోండి.

ముగ్గురూ కయాక్‌లలోకి దిగేసి బోటును లంగరు మీద ఒంటరిగా వదిలేయడం కూడా ఉంటుంది, సొంత బోటు వాళ్ళు చాలామంది చేస్తారు. నాకు అది నచ్చదు. నీరు తీసేటప్పుడు బోటు దిబ్బ మీద కూర్చున్నా, లంగరు జారినా ఎవరూ చూసుకోరు. వంతులు వేసుకుని ఒకరు బోటులో ఉండండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): బాబూ, మా అబ్బాయి ఒర్లాండోలో ఉద్యోగం. నెలకోసారి స్నేహితులతో బోటులో ఎక్కడికో వెళ్ళి, చిన్న పడవల్లో చేపలు పడతాడట. ఆ రెండు రోజులూ ఫోన్ కలవదు, నాకు అన్నం దిగదు. వద్దంటే వినడు. వాడికి ఏం చెప్పాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. వద్దని చెప్పడం కంటే నాలుగు పనులు చేయించుకోండి, తల్లి అడిగితే కాదనలేడు.

బయల్దేరే ముందు ఒక కాగితం రాసి ఒర్లాండోలో ఇంటి దగ్గర ఉండే స్నేహితుడికి, మీకు ఇద్దరికీ పంపమనండి. ఎవరెవరు వెళ్తున్నారు, బోటు రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, కయాక్‌ల రంగులు, ఎక్కడ బోటు ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఏ టైముకు తిరిగి ఒడ్డుకు వస్తారు, ఎన్ని గంటల దాకా కబురు రాకపోతే కోస్ట్ గార్డుకు ఫోన్ చేయాలి. ఆ చివరి గంట చాలా ముఖ్యం. ఆ టైము దాటితే అక్కడి స్నేహితుడు సందేహించకుండా ఫోన్ చేస్తాడు, అప్పటిదాకా మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

రెండోది పీఎల్‌బీ అనే చిన్న పరికరం. అరచేతిలో పడుతుంది, బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం వెళ్తుంది, అక్కడినుంచి రక్షించేవాళ్ళకు చేరుతుంది. నెలనెలా కట్టేది ఏమీ ఉండదు, అమెరికాలో నోవా అనే ప్రభుత్వ సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. అది బ్యాగులో కాదు, లైఫ్ జాకెట్‌కే కట్టుకోవాలి, కయాక్ తిరగబడితే బ్యాగు ఒకవైపు, మనిషి ఒకవైపు పోతారు. మీకు రాత్రికి ఒక్క ముక్క కబురు కావాలంటే మాత్రం ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే పరికరం వేరే ఉంది, దానికి నెలవారీ చందా ఉంటుంది. అది కొనిపించండమ్మా. "తిన్నాం, బాగున్నాం" అని రాత్రి ఎనిమిదింటికి మీ ఫోన్‌కు వస్తుంది. ఐఫోన్ 14 నుంచి అత్యవసరంలో ఉపగ్రహానికి సందేశం పంపే వీలుంది గానీ చెట్ల గుబురు కింద ఆకాశం కనపడకపోతే పని చేయదు, దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పండి.

లైఫ్ జాకెట్ కయాక్ మీద ఉన్నంతసేపూ ఒంటి మీదే ఉండాలి. ఫ్లోరిడా చట్టం పెద్దవాళ్ళకు అది పడవలో ఉంటే చాలంటుంది. మీరు ఒంటి మీద ఉండాలనండి.

నాలుగోది, పట్టిన చేపను తాడుకు గుచ్చి కయాక్ పక్కన నీళ్ళలో వేలాడదీయొద్దని చెప్పండి. ఆ నీళ్ళలో షార్కులు తిరుగుతాయి, మొసళ్ళు ఉంటాయి, వాసనకు వస్తాయి. ఉంచుకునే చేపను వెంటనే ఐసులో వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఇవన్నీ చేస్తున్నాడంటే మీవాడు జాగ్రత్త తెలిసినవాడే.

ప్రశ్న (షార్లెట్ నుంచి): మేం వేరే రాష్ట్రం వాళ్ళం. ఫ్లోరిడా లైసెన్సు అవసరమా? మా ఐదేళ్ళ పాపను తీసుకురావచ్చా?

జవాబు: ఉప్పునీటి వేట లైసెన్సు తీసుకోండి. బయటి రాష్ట్రాల వాళ్ళకు 3 రోజులకు 17 డాలర్లు, 7 రోజులకు 30, ఏడాదికి 47. స్నూక్‌ను ఉంచుకోవాలంటే పైన 10 డాలర్ల పర్మిట్. చార్టర్ బోటు మీద వేట చేసేవాళ్ళకు బోటు లైసెన్సే సరిపోతుందని చెప్తారు, కానీ మీరు దాన్ని వదిలి సొంత కయాక్‌లో వేట చేస్తున్నారు, కాబట్టి మీది మీ దగ్గర ఉంటేనే మంచిది. రెడ్‌ఫిష్ 18 నుంచి 27 అంగుళాల మధ్యది రోజుకు ఒకటి, గల్ఫ్ వైపు స్నూక్ 28 నుంచి 33 అంగుళాల మధ్యది ఒకటి, అదీ సీజన్‌లోనే. నియమాలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే వారం ముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ యాప్‌లో చూసుకోండి. పాప సంగతికి వస్తే, 26 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు ఆరేళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. కానీ నీడ లేని నీళ్ళ మీద రోజంతా ఐదేళ్ళ పిల్ల ఉండలేదు. పాపతో వస్తే రాబిట్ కీ లాంటి దగ్గరి ఇసుక దీవి దాకా వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేయండి.

ప్రశ్న (అట్లాంటా నుంచి): మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం, కయాక్ వేట మాకు ఇష్టం. ఒక రాత్రి అక్కడే ఉండాలని ఉంది. బాత్రూం, పడక సంగతి ఎవరూ రాయరు. మీరైనా రాయండి.

జవాబు: రాయాల్సిన విషయమేనండీ. ఎవర్‌గ్లేడ్స్ లోపలి బేలలో చిక్కీలు అని ఉంటాయి, నీళ్ళ మధ్య స్తంభాల మీద కట్టిన చెక్క అరుగులు, పైన కప్పు, పక్కనే పోర్టబుల్ టాయిలెట్. అరుగు సుమారు 10 అడుగులు, 12 అడుగులు. మేకులు కొట్టే వీలు లేదు కాబట్టి తనంతట నిలబడే గుడారం కావాలి. చిక్కీ మీద మంట పెట్టకూడదు, గ్యాస్ స్టవ్ పెట్టుకోవచ్చు. ముందే పార్కు నుంచి పర్మిట్ తీసుకోవాలి, చలికాలంలో త్వరగా అయిపోతాయి. బయటి వైపు ఇసుక దీవుల్లోనూ ఉండొచ్చు, గాలి తగిలి దోమలు తక్కువ, కానీ చాలాచోట్ల టాయిలెట్ ఉండదు. ముగ్గురు ఆడవాళ్ళయితే చిక్కీయే హాయి. పగలు కయాక్ మీద ఉన్నప్పుడు అవసరమైతే తిరిగి బోటు దగ్గరకు రావడమే దారి. బోటులో చిన్న టాయిలెట్, చుట్టూ తెర ఉన్నాయా అని బేరం దగ్గరే అడగండి, సిగ్గుపడే విషయం కాదు. అది లేదని నీళ్ళు తాగకుండా ఉండి వడదెబ్బ తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు.

మంచినీళ్ళు అక్కడ ఎక్కడా దొరకవు, మనిషికి రోజుకు ఒక గ్యాలను లెక్కన పట్టుకెళ్ళాలి, ఒక రోజుకు సరిపడా అదనంగా ఉండాలి. దీవుల్లో రాత్రిపూట రకూన్‌లు మంచినీళ్ళ కోసం పల్చటి ప్లాస్టిక్ డబ్బాలను పళ్ళతో కొరికి చిల్లులు పెడతాయి, తెల్లారేసరికి డబ్బా ఖాళీగా ఉంటుంది. నీళ్ళు, తిండి రెండూ గట్టి పెట్టెలో పెట్టి మూతకు పట్టీ బిగించండి. కంటికి ఆనని చిన్న పురుగులు సాయంత్రం, తెల్లవారుజామున కమ్ముకుంటాయి, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరతాయి. సన్నటి జాలీ ఉన్న గుడారమే కొనండి, చీకటి పడే ముందే లోపలికి వెళ్ళిపోయి వంట, తిండి అన్నీ ముగించుకోండి.

ప్రశ్న (హ్యూస్టన్ నుంచి): రాత్రి పెద్ద బోటులోనే పడుకుని, పగలు కయాక్‌లు దించుకునే ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

జవాబు: ఉంది. మీకు దగ్గర్లో లూసియానా వాళ్ళ శాండలియర్ దీవులు చూడండి. మిసిసిపి తీరానికి దక్షిణంగా సముద్రంలో నెలవంకలా ఉన్న ఇసుక దీవులు, మనుషులెవరూ ఉండరు. 1904లో ఏర్పడిన బ్రెటన్ వన్యప్రాణి శరణాలయంలో భాగం. బిలాక్సీ వైపు నుంచి పడకలు, వంటగది ఉన్న పెద్ద బోట్లు వెళ్తాయి, చిన్న పడవలనో కయాక్‌లనో వెంట తీసుకెళ్ళి, అక్కడే రెండు మూడు రాత్రులు లంగరు వేస్తాయి. లోపలి వైపు సముద్రపు గడ్డి మీద సీట్రౌట్, రెడ్‌ఫిష్ వేట చాలా బాగుంటుంది. కానీ అది చాటు లేని బయలు సముద్రం. మడ అడవుల్లోలాగా గాలి నుంచి దాక్కోవడానికి చెట్లు లేవు, 2005లో కత్రీనా తుపాను ఆ దీవుల్లో చాలా ఇసుకను తుడిచిపెట్టేసింది. గాలి సూచన బాగాలేకపోతే కెప్టెన్ ట్రిప్పు రద్దు చేస్తాడు. అప్పుడు ఆయనతో వాదించకండి. అడ్వాన్సు తిరిగిస్తారా, ఇంకో తేదీ ఇస్తారా అన్నది డబ్బు కట్టే ముందే కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న (మయామీ నుంచి): ఎవర్‌గ్లేడ్స్ పార్కు దక్షిణ కొసనున్న ఫ్లమింగో వైపు బోటులో కయాక్‌లు వేసుకెళ్తే ఇతర వేటగాళ్ళు కోపంగా చూస్తున్నారు. మా తప్పేమిటి?

జవాబు: ఎలా వెళ్తున్నారో చూసుకోండి. ఫ్లోరిడా బేలో నీళ్ళు పల్చగా ఉంటాయి, అడుగున సముద్రపు గడ్డి. ప్రొపెల్లర్ తగిలిందంటే గడ్డి వేళ్ళతో సహా చీలిపోయి తెల్లటి చార పడుతుంది, అది మళ్ళీ పూడటానికి ఏళ్ళు పడుతుంది. చేపపిల్లలు, రొయ్యలు, పీతలు పెరిగేది ఆ గడ్డిలోనే, కాబట్టి అది పోతే అందరి వేటా పోతుంది. స్నేక్ బైట్ లాంటి చోట్ల గెడతో తోసుకుంటూ గానీ, చిన్న ఎలక్ట్రిక్ మోటారుతో గానీ వెళ్ళాలని పార్కు నియమం పెట్టింది. పార్కులో మోటారు బోటు నడిపేవాళ్ళు వాళ్ళ పాఠం పూర్తిచేసి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి కూడా. మీకు కయాక్‌లు ఉన్నాయి కదా, బోటును లోతైన కాలవలోనే ఆపేసి చివరి మైలు తెడ్డు వేయండి. గడ్డికి మంచిది, చేపలూ బెదరవు. ఎవరైనా ముందే వేట చేస్తున్న వాగు నోట్లో నాలుగు కయాక్‌లు దించడం మాత్రం ఎవరికైనా కోపం తెప్పిస్తుంది, ఇంకో వాగు చూసుకోండి, అక్కడ వాగులకు కరువు లేదు.

ప్రశ్న (కాకినాడ నుంచి): ఇదంతా చదువుతుంటే మా కోరింగ మడ అడవే కళ్ళ ముందు కనిపిస్తోంది. ఇక్కడ ఇలా చేయొచ్చా?

జవాబు: మడ, వాగులు, పోటు, బురద అన్నీ అలాగే ఉంటాయి, పండుగప్ప కూడా ఉంది. కానీ కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి సొంత పడవలు తీసుకెళ్ళకూడదు, సరదా కోసం గాలం వేయకూడదు. అటవీశాఖ వాళ్ళే పర్యాటకులకు బోటు నడుపుతారు, అందులో వెళ్ళి వాగులు, నీరు తిరిగే తీరు చూడండి. కయాక్ నేర్చుకోవాలంటే అభయారణ్యం బయట, అనుమతి ఉన్న నీళ్ళలో మొదలుపెట్టండి. అక్కడ వేటే బతుకుతెరువైన కుటుంబాల వలల దగ్గరకు మాత్రం పోకండి.

ప్రశ్న (జాక్సన్‌విల్ నుంచి): ఆగస్టులో సెలవు దొరికింది. టెన్ థౌజండ్ ఐలాండ్స్‌కు వచ్చేయమంటారా?

జవాబు: వద్దండీ. ఆగస్టులో దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు ఉంటాయి. విశాలమైన నీళ్ళ మీద రాడ్డు పట్టుకుని కూర్చున్న మనిషే అన్నిటికంటే ఎత్తు, బోటు అరగంట దూరంలో ఉంటే చేసేదేమీ ఉండదు. దోమలు భరించలేరు, తుపానుల కాలం, అక్కడ స్నూక్ ఉంచుకోవడానికి అనుమతి కూడా సెప్టెంబరు 1 దాకా లేదు. సెలవు మార్చుకోగలిగితే నవంబరు రెండో వారం తర్వాత రండి. వేడి తగ్గుతుంది, దోమలు కాస్త తగ్గుతాయి, స్నూక్ సీజన్ ఆ నెలాఖరు దాకా ఉంటుంది. కెప్టెన్లు నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ వారానికి ముందే బుక్ అయిపోతారు, కాబట్టి సెప్టెంబరులోనే మాట్లాడుకోండి.